అయస్కాంతానికి దారి వేసే లోహాలు

పిక్చర్ ట్యూబు టీవీల కాలంలో చాలా ఇళ్ళు ఒక వింత చూశాయి. పెద్ద స్పీకరు తెచ్చి టీవీకి ఆనించి పెడితే తెర ఓ మూల ఊదారంగుకు తిరిగేది, మనుషుల ముఖాలు పచ్చబడేవి. స్పీకరు తీసేసినా ఒక్కోసారి ఆ మరక పోయేది కాదు. మెకానిక్ వచ్చి రాగితీగ చుట్టిన వలయాన్ని తెర ముందు గుండ్రంగా తిప్పుతూ మెల్లగా వెనక్కి నడిచేవాడు. అప్పుడు రంగులు తేరుకునేవి. ట్యూబులో ఎలక్ట్రాన్లు తమకు నిర్ణయించిన రంగు చుక్క మీదే పడాలి. స్పీకరు అయస్కాంతం వాటిని వెంట్రుకవాసి పక్కకు లాగినా వేరే రంగు వెలుగుతుంది. అందుకే ట్యూబు లోపల పలుచని ఉక్కు తొడుగు ఉండేది. స్విచ్ వేయగానే వినబడే ఆ 'ధుమ్' చప్పుడు తెర చుట్టూ అమర్చిన తీగచుట్టది. తొడుగులోనూ, రంగులు వేరుచేసే చిల్లుల రేకులోనూ పేరుకున్న అయస్కాంతత్వాన్ని అది ప్రతిసారీ తుడిచేసేది.

ఆ టీవీలు అటకెక్కాయి. వాటి కన్నా వేల రెట్లు సున్నితమైన యంత్రాలు ఇప్పుడు ఆస్పత్రుల్లో, ప్రయోగశాలల్లో, ఉపగ్రహాల్లో ఉన్నాయి. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు, కాంతి రేణువులను ఒక్కొక్కటిగా లెక్కపెట్టే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు, దిక్సూచి ఉపగ్రహాల్లోని రుబీడియం గడియారం, మెదడు నుంచి వెలువడే క్షేత్రాన్ని పట్టే మెగ్ యంత్రం. వీటన్నిటికీ చుట్టుపక్కల అయస్కాంత క్షేత్రం నుంచి రక్షణ కావాలి. ఆ రక్షణ ఏ లోహంతో అన్నది చూడటానికి చిన్న ప్రశ్నే. సమాధానం మాత్రం లోహం పేరు దగ్గర మొదలు కాదు.

కరెంటుకు రబ్బరు అడ్డు, వేడికి బెండు అడ్డు. అయస్కాంత క్షేత్రానికి మామూలు ఉష్ణోగ్రతల్లో అలాంటి అడ్డు లేదు. క్షేత్రరేఖ ఎక్కడా తెగదు, మొదలైన చోటికి తిరిగి చేరాల్సిందే. చేతనైందల్లా దాన్ని పక్కకు మళ్ళించడమే. వరద నీరు చేలో పడకుండా రైతు పక్కనుంచి కాలువ తీసినట్లు, కాపాడాల్సిన పరికరం చుట్టూ క్షేత్రానికి సులువైన దారి వేయాలి. కవచం పని అదే.

కాలువను రెండు విధాలుగా తూచాలి. నీరు ఎంత తేలిగ్గా పారుతుందన్నది ఒకటి. లోహంలో దీన్ని పెర్మియబిలిటీ అంటారు. గాలికి అది 1 అనుకుంటే, మామూలు మెత్తటి ఉక్కుకు కొన్ని వందల నుంచి కొన్ని వేల దాకా ఉంటుంది. మ్యూ-మెటల్ అనే నికెల్ మిశ్రలోహానికి 80 వేలు, లక్ష, ఇంకా పైన కూడా ఉంటుంది. కాలువలో మొత్తం ఎంత నీరు పడుతుందన్నది రెండోది. దీని పేరు సాచురేషన్. ఇక్కడ తక్కెడ తిరగబడుతుంది: ఇనుము 2 టెస్లాలకు పైగా భరిస్తుంది, మ్యూ-మెటల్ 0.8 టెస్లా దగ్గరే నిండిపోతుంది. నిండిన తర్వాత అది ఉన్నా లేనట్లే, గట్టు తెంచుకున్న నీరులా క్షేత్రం లోపలికి వచ్చేస్తుంది. నున్నటి కాలువకు లోతు లేదు, లోతైన కాలువ నున్నగా లేదు. ఈ రంగంలో తలనొప్పులు చాలావరకు ఇక్కడినుంచే పుడతాయి.

మ్యూ-మెటల్ కథ వేరే పని కోసం మొదలైంది. సముద్రం అడుగున వేసిన టెలిగ్రాఫ్ తీగల్లో సంకేతాలు సాగిపోయి, ఒకదాని మీద ఒకటి పడి కలగాపులగం అయ్యేవి. రాగితీగ చుట్టూ మంచి అయస్కాంత గుణమున్న లోహం చుడితే ఆ జాడ్యం తగ్గుతుందని సిద్ధాంతం చెప్పింది. అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీలో పనిచేసిన గుస్తాఫ్ ఎల్మెన్ 1910ల్లో నికెల్-ఇనుము మిశ్రమాలను పరీక్షిస్తూ, నికెల్ 78 శాతం దగ్గర పెర్మియబిలిటీ ఒక్కసారిగా ఎగబాకడం గమనించాడు. ఆ లోహానికి పెర్మల్లాయ్ అని పేరొచ్చింది. 1924లో న్యూయార్క్ నుంచి అజోర్స్ దీవులకు వేసిన టెలిగ్రాఫ్ తీగకు దాన్నే చుట్టారు.

లండన్‌లో విలోబీ స్మిత్, హెన్రీ గార్నెట్ అదే దారిలో నడిచి 1923లో మ్యూ-మెటల్‌ను తెచ్చారు. అందులో సుమారు 77 శాతం నికెల్, 16 శాతం ఇనుము, 5 శాతం రాగి, మిగిలింది క్రోమియం లేదా మాలిబ్డినం. రాగి కలపడానికి కారణం ముచ్చటైనది. ఈ లోహాన్ని సన్నని తీగగా సాగదీసి కేబులు చుట్టూ చుట్టాలి, అందుకు సాగే గుణం కావాలి. ఆ టెలిగ్రాఫ్ తీగలు ఎప్పుడో పోయినా కొన్ని రకాల మ్యూ-మెటల్‌లో ఆ రాగి ఇంకా ఉంది. రేకును గొట్టంగా, డబ్బాగా మలచడానికి ఇప్పటి కవచాల తయారీదారుకు అదే గుణం అక్కరకొస్తోంది.

నికెల్ 80 శాతం చుట్టుపక్కలే ఎందుకు? లోహంలో అయస్కాంతత్వం చిన్న చిన్న మడులుగా ఉంటుంది. బయటి క్షేత్రం కొద్దిగా మారినా ఆ మడుల గట్లు జరిగితేనే పెర్మియబిలిటీ పెరుగుతుంది. వాటిని రెండు శక్తులు పట్టి ఉంచుతాయి. స్ఫటికంలో కొన్ని దిక్కులపైనే ఉండే మొగ్గు ఒకటి, అయస్కాంతీకరణతో లోహం సాగడమో కుంచించుకోవడమో చేసే గుణం రెండోది. ఈ నిష్పత్తి దగ్గర రెండూ ఒకేసారి దాదాపు సున్నా అవుతాయి. గట్లు స్వేచ్ఛగా కదులుతాయి. ప్రకృతిలో ఇలాంటి కలయిక అరుదు. 1947లో బెల్ ల్యాబ్స్ వారు 79 శాతం నికెల్, 5 శాతం మాలిబ్డినంతో తయారుచేసిన సూపర్‌మల్లాయ్ కూడా ఈ ఇరుకు చోటులో పుట్టిందే.

ఆ స్వేచ్ఛ ఎంత గొప్పదో అంత పెళుసైనది. కర్మాగారం నుంచి వచ్చిన మ్యూ-మెటల్ రేకును వంచి, వెల్డింగు చేసి డబ్బా తయారుచేస్తే ఆ డబ్బాకు గొప్ప గుణం ఏమీ ఉండదు. దాన్ని హైడ్రోజన్ నిండిన కొలిమిలో 1,100 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో గంటల తరబడి ఉంచి, లెక్క ప్రకారం చల్లార్చాలి. కార్బన్, గంధకం, ఆక్సిజన్ లాంటి మలినాలను హైడ్రోజన్ లాగేస్తుంది, స్ఫటికాలు పెద్దవవుతాయి, వంచినప్పుడు పుట్టిన ఒత్తిళ్ళు కరిగిపోతాయి. ఈ ఎనీలింగ్‌తో పెర్మియబిలిటీ పదుల రెట్లు పెరుగుతుంది. ఆ తర్వాత డబ్బాకు చిల్లు పొడిచినా, సుత్తితో సరిచేసినా, చేయిజారి గచ్చు మీద పడేసినా అంత శ్రమా ఆ చోట వృథా. అందుకే చిల్లులు, మరలు, మూతలు అన్నీ ముందే తేల్చుకుని, ఎనీలింగ్‌ను చిట్టచివరి మెట్టుగా పెట్టుకోవాలి. కొనుగోలు కాగితాల్లో మిశ్రమం పేరు రాసి, ఎనీలింగ్ ఎప్పుడన్నది రాయకుండా వదిలేస్తే వచ్చేది ఖరీదైన రేకుడబ్బా మాత్రమే.

హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో 1973లో మొదలైన మిశ్ర ధాతు నిగమ్‌ను, అంటే జనం నోట మిధానీని, ఇక్కడ తలుచుకోవాలి. సూపర్ అల్లాయ్‌లకు, టైటానియానికి పేరుపడిన ఆ సంస్థ ఉత్పత్తుల్లో సాఫ్ట్ మాగ్నెటిక్ మిశ్రలోహాలూ ఉన్నాయి. శూన్యంలో కరిగించి మలినాలను అదుపులో ఉంచే విద్య లేకపోతే ఈ జాతి లోహం తయారు కాదు. విమాన ఇంజన్ల లోహాలకు పనికొచ్చిన కొలిమి నేర్పు అయస్కాంత లోహాలకూ పనికొస్తుందన్నమాట.

ఇక అసలు ఎంపిక. ముందుగా కొలవాల్సింది బయటి క్షేత్రం. భూమి క్షేత్రం హైదరాబాద్‌లో 40 మైక్రోటెస్లాలకు కాస్త పైన ఉంటుంది. ఎమ్మారై గదిలో అయస్కాంతం 1.5 లేదా 3 టెస్లాలు. పేస్‌మేకర్ ఉన్నవారు దాటకూడదని ఏళ్ళ తరబడి గీస్తూ వచ్చిన గీత 0.5 మిల్లీటెస్లా, పాత లెక్కలో 5 గాస్. ఆ చివర మెదడు నుంచి వచ్చే క్షేత్రం వంద ఫెమ్టోటెస్లాల స్థాయి. భూమి క్షేత్రంలో అది సుమారు 40 కోట్లో వంతు. ఒకే లోహం ఈ మెట్లన్నీ ఎక్కలేదు.

గొట్టం ఆకారంలోని కవచానికి ఒక మోటు లెక్క ఉంది. పెర్మియబిలిటీని గోడ మందంతో గుణించి వ్యాసంతో భాగిస్తే, అడ్డంగా వచ్చే క్షేత్రాన్ని అది ఎన్నో వంతుకు తగ్గిస్తుందో తెలుస్తుంది. 10 సెంటీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు మందం, 50 వేల పెర్మియబిలిటీ ఉంటే 500 రెట్లు. గోడలోకి చేరే క్షేత్రం ఎంతో కూడా ఇలాగే తేలుతుంది. బయటి క్షేత్రాన్ని వ్యాసంతో గుణించి మందంతో భాగించాలి. అదే గొట్టానికి భూమి క్షేత్రమైతే గోడలో 4 మిల్లీటెస్లాల చిల్లర, మ్యూ-మెటల్‌కు లెక్కలోది కాదు. బయట 20 మిల్లీటెస్లాలు ఉంటే మాత్రం గోడలో 2 టెస్లాలు కావాలి. మ్యూ-మెటల్ 0.8 దగ్గరే చేతులెత్తేస్తుంది. అక్కడ బయట మందపాటి ఇనుప గొట్టం, లోపల మ్యూ-మెటల్ గొట్టం పెట్టాలి. ఇనుము వరదను మళ్ళిస్తుంది, మిగిలిన ఊటను మ్యూ-మెటల్ పీలుస్తుంది. నడిమధ్య 50 శాతం నికెల్ మిశ్రలోహం కూడా ఉంది. దాని సాచురేషన్ 1.5 టెస్లాలు.

మందం పెంచడం కన్నా పొరలు పెంచడం మేలన్నది ఈ విద్యలో మొదటి పాఠం. ఆ గొట్టాన్నే రెండు మిల్లీమీటర్లు చేస్తే 500 కాస్తా 1,000 అవుతుంది. అలా కాకుండా ఒక మిల్లీమీటరు మందంతోనే 12 సెంటీమీటర్ల గొట్టం మరొకటి బయట తొడిగి మధ్యలో ఖాళీ ఉంచితే, రెండు కవచాల బలం గుణకారంలో పడుతుంది. ఖాళీ ఇరుకు కావడంతో కొంత కోత పడినా, కాగితం మీద అది 60 వేలు దాటుతుంది. నిజంలో చివర్లు తెరిచి ఉంటాయి కాబట్టి అంత రాదు. గొట్టం నోటి దగ్గర క్షేత్రం దాని వ్యాసమంత లోతుకు చొచ్చుకొస్తుంది. అందుకే ఫొటోమల్టిప్లయర్ ట్యూబు ముఖాన్ని కవచం అంచుకు పెట్టకుండా లోపలికి జరుపుతారు.

బెర్లిన్‌లో జర్మనీ జాతీయ కొలతల సంస్థ పీటీబీ నిర్మించిన బీఎంఎస్‌ఆర్-2 గది ఈ గుణకారాన్ని చివరి దాకా తీసుకెళ్ళిన కట్టడం. ఏడు పొరలు మ్యూ-మెటల్, ఒకటి అల్యూమినియం. లోపల మిగిలే క్షేత్రం ఒక నానోటెస్లా కన్నా తక్కువ. ఇలాంటి గదులకు బాట వేసినవాడు డేవిడ్ కోహెన్. మసాచుసెట్స్‌లోని ఎంఐటీలో పెర్మల్లాయ్ జాతి లోహం, అల్యూమినియం పొరలతో గది కట్టించి, 1969 డిసెంబరు ఆఖరున జేమ్స్ జిమ్మర్‌మన్ తెచ్చిన స్క్విడ్ అనే అతి సున్నితమైన సెన్సరుతో గుండె అయస్కాంత స్పందనను స్పష్టంగా నమోదు చేశాడు. తర్వాత మెదడు వంతు వచ్చింది. మన దేశంలో కల్పాక్కంలోని ఇందిరాగాంధీ అణు పరిశోధన కేంద్రం స్క్విడ్ సెన్సర్లను సొంతంగా తయారుచేసి, కవచ గదిలో గుండె, మెదడు క్షేత్రాలను కొలిచింది. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెగ్ యంత్రం పనిచేస్తోంది. మూర్ఛ రోగి మెదడులో ఏ ముక్క నుంచి పిచ్చి సంకేతం బయల్దేరుతోందో శస్త్రచికిత్సకు ముందే వెతకడంలో అది తోడ్పడుతుంది. నికెల్ రేకుల గది లేకపోతే ఆ సంకేతం వీధిలో పోయే ఆటో ఇనుము కింద అణిగిపోతుంది.

ఆ గదుల్లో అల్యూమినియం ఏం చేస్తోందని అడగాలి. దానికి అయస్కాంత గుణం లేదు. మారుతున్న క్షేత్రం తగిలితే మాత్రం అందులో కరెంటు సుళ్ళు తిరుగుతుంది. వాటికి ఎడ్డీ కరెంట్లని పేరు. అవి పుట్టించే ఎదురు క్షేత్రం అసలుదాన్ని అణుస్తుంది. క్షేత్రం ఎంత వేగంగా మారితే అంత బాగా అణుస్తుంది. రాగిలో 50 హెర్ట్జ్ క్షేత్రం 9 మిల్లీమీటర్లకు పైగా చొరబడితే, ఒక మెగాహెర్ట్జ్ దగ్గర మిల్లీమీటరులో పదిహేనో వంతు దాటలేదు. అల్యూమినియంలో 50 హెర్ట్జ్‌కు ఆ లోతు 12 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. అంటే ఇంటి కరెంటు హమ్మును రాగిరేకు చుట్టి ఆపాలనుకోవడం డబ్బు పారేసుకోవడమే. ఆంప్లిఫయర్ తయారుచేసే కుర్రాళ్ళు తరచూ చేసే పొరపాటిది. 50 హెర్ట్జ్‌కు ఉక్కు ఇంకా నయం. పెర్మియబిలిటీ వల్ల దానిలో ఆ లోతు సుమారు ఒక మిల్లీమీటరే. దారి మళ్ళించడం, సుళ్ళు పుట్టించడం రెండూ కలిసొస్తాయి. ఇన్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లాంటి చిన్న, సున్నితమైన భాగానికి మ్యూ-మెటల్ డబ్బా సరిపోతుంది. హమ్ము పుట్టించే పవర్ ట్రాన్స్‌ఫార్మర్‌ను దూరంగా జరిపి, పక్కకు తిప్పి బిగిస్తే ఆ డబ్బా కూడా తప్పవచ్చు.

ఎమ్మారై గది ఈ తేడాకు మంచి ఉదాహరణ. గోడల్లో రాగిరేకు పెట్టేది రేడియో తరంగాల కోసం. 1.5 టెస్లాల యంత్రం వినే సంకేతం 64 మెగాహెర్ట్జ్ దగ్గర ఉంటుంది, బయటి రేడియో అందులో కలవకూడదు. అయస్కాంతం బయటికి కారకుండా ఆపడం వేరే పని, దానికి రాగి పనికిరాదు. పూర్వం ఆ పని ఇనుమే చేసేది. తొలితరం 7 టెస్లాల యంత్రాల చుట్టూ వందల టన్నుల ఉక్కు పేర్చారు. ఇప్పటి యంత్రాల్లో ఎదురుగా మరో తీగచుట్ట పెట్టి బయటి క్షేత్రాన్ని కొట్టేస్తున్నారు కాబట్టి చాలా ఆస్పత్రుల్లో 5 గాస్ గీత గది లోపలే ఆగుతోంది.

చలి దగ్గర మళ్ళీ లెక్క మారుతుంది. ద్రవ హీలియం చలిలో మామూలు మ్యూ-మెటల్ పెర్మియబిలిటీ బాగా పడిపోతుంది. ఆ చలికే సరిపడేలా ఎనీలింగ్ చేసిన క్రయోపెర్మ్ లాంటి మిశ్రలోహాలను కణత్వరణ యంత్రాల నయోబియం గదుల చుట్టూ వాడతారు. ఆ చలిలోనే కొన్ని లోహాల దగ్గర కాలువ ఉపమానమే చెల్లదు, నిజమైన అడ్డుగోడ దొరుకుతుంది. సీసం 7.2 కెల్విన్ కింద, నయోబియం 9.2 కెల్విన్ కింద అతివాహకాలై కొత్త క్షేత్రాన్ని లోపలికి రానివ్వవు. 2004లో నాసా ప్రయోగించిన గ్రావిటీ ప్రోబ్-బి ఉపగ్రహం కోసం సీసపు రేకు సంచులను ఒకదానిలో ఒకటి విప్పుకుంటూ చల్లబరచి, లోపల క్షేత్రాన్ని భూమి క్షేత్రం కన్నా ఎంతో కిందికి దించారు. అయితే చల్లబడే క్షణానికి లోపల ఏ క్షేత్రం ఉంటే అది చిక్కుకుపోతుంది. కాబట్టి సీసానికి ముందు మ్యూ-మెటల్ తన పని చేసి ఉండాలి.

కొత్త లోహాల్లో స్ఫటికం లేని కోబాల్ట్ పట్టీలు, 1988లో జపాన్‌లో హిటాచీ వెల్లడించిన ఫైన్‌మెట్ జాతి నానోస్ఫటిక పట్టీలు చెప్పుకోదగ్గవి. ఫైన్‌మెట్ సాచురేషన్ 1.2 టెస్లాల పైన, పెర్మియబిలిటీ మ్యూ-మెటల్‌కు దగ్గర. కాగితమంత పలుచని పట్టీలుగానే దొరకడం దాని ఇబ్బంది, పెద్ద డబ్బా చేయాలంటే చుట్టాలి, అతికించాలి. మరో మలుపు కూడా వచ్చింది. సెన్సర్లు ఎంత సున్నితమయ్యాయంటే కవచపు లోహంలో వేడికి తిరుగాడే ఎలక్ట్రాన్ల సవ్వడి కూడా వాటికి వినబడుతోంది. అందుకే కొన్ని అణు మాగ్నెటోమీటర్లలో అన్నిటికన్నా లోపలి పొరను కరెంటు పారని ఫెర్రైట్‌తో చేస్తున్నారు. దాని పెర్మియబిలిటీ తక్కువైనా అది నిశ్శబ్దంగా ఉంటుంది.

కవచం లేకుండా గట్టెక్కే దారులను ముందుగా వెతకడమే మంచి ఇంజినీరు లక్షణం. చేతిగడియారాల్లో ఇది చక్కగా కనబడుతుంది. 1956లో వచ్చిన రోలెక్స్ మిల్‌గాస్ 1,000 గాస్‌లను తట్టుకోవడానికి యంత్రం చుట్టూ మెత్తటి ఇనుప గిన్నె పెట్టుకుంది. 2013లో ఒమేగా ఆ గిన్నెను తీసేసి, సిలికాన్ స్ప్రింగు, అయస్కాంత గుణం లేని భాగాలతో 15,000 గాస్‌లు దాటింది. జపాన్‌లో సూపర్-కమియోకాండే ప్రయోగశాల 11 వేలకు పైగా పెద్ద ఫొటోమల్టిప్లయర్లకు విడివిడిగా తొడుగులు వేయకుండా, తొట్టి చుట్టూ తీగచుట్టలు పెట్టి భూమి క్షేత్రాన్నే రద్దు చేసుకుంది. 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి ఎగిసిన ఆదిత్య-ఎల్1 తన మాగ్నెటోమీటరు సెన్సర్లను 6 మీటర్ల చేయి మీద బయటికి చాచింది. ఉపగ్రహం సొంత అయస్కాంతత్వం దూరం రెట్టింపైతే ఎనిమిదో వంతుకు పడిపోతుంది. ఏ మిశ్రలోహానికీ అంత తక్కువ బరువులో ఆ పని సాధ్యం కాదు. పైగా ఆ సెన్సరుకు కవచం తొడగడానికే వీల్లేదు, అది కొలవాల్సిందే బయటి క్షేత్రం.

ఇదే చిక్కు నేల మీద హైదరాబాద్‌లోనూ ఉంది. ఉప్పల్ రోడ్డులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1960ల నుంచి తన ఆవరణలో భూ అయస్కాంత క్షేత్రాన్ని నానోటెస్లాల్లో నమోదు చేస్తోంది. ఆ పరికరాల చుట్టూ మ్యూ-మెటల్ పెడితే కొలవడానికి ఏమీ మిగలదు. ఈలోగా నగరం చుట్టూ కమ్ముకుంది, ఆ వాకిట్లోనే ఎన్‌జీఆర్‌ఐ పేరుతో మెట్రో స్టేషను వెలిసింది. ఇప్పుడు ఆ సంస్థకు విజయవాడ దారిలో చౌటుప్పల్ దగ్గర రెండో అయస్కాంత వేధశాల ఉంది. అక్కడి సెన్సర్లకు కవచం చుట్టూ ఉన్న ఖాళీ నేలే.